పక్కింటి ఆంటీ నేర్పిన ‘నా స్తావె’

మా పక్కింటి ఆంటీ పోయారు. పోయింది మంగళవారం మధ్యాహ్నం. నాకు తెలిసింది గురువారం సాయంత్రం. ఆ మధ్యలో బుధవారం పొద్దున ఒకసారి, గురువారం పొద్దున ఒకసారి, మా వంటింటి కిటికీలోంచి వాళ్ల ఇంటివైపు చూసి, ఆంటీ బాగానే ఉన్నారనుకుని, టీ తాగి, ట్రైనెక్కి ఆఫీసుకు పోయాను. ఈ సంగతి చెప్పకుండా ఆవిడ గురించి ఏం రాసినా అబద్ధమే అవుతుంది. అందుకే ముందే చెప్పేస్తున్నాను.

గురువారం నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగా పెర్త్ నుంచి ఆవిడ కూతురు ఫోన్ చేసింది. అమ్మ నిన్నటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు, ఒకసారి చూసి చెబుతావా అంది. “పొద్దున బాగానే ఉన్నారే” అన్నాను. అంత ధీమాగా అన్నాను. నా దగ్గర ఆవిడ ఇంటి తాళంచెవి ఉంటుంది. తీసుకుని వెళ్లాను. ఆంటీ ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. టీవీలో ఎవరో తోటలో టమాటాలు కోస్తున్నారు. “ఆంటీ, మీ అమ్మాయి ఫోన్ చేస్తోంది, ఎత్తరేం?” అని కూడా అన్నాను. ఆ మాట అన్నాకే చెయ్యి పట్టుకున్నాను.

తరవాత పోలీసులు వచ్చారు. ఇక్కడ ఇంట్లో ఒంటరిగా పోతే వాళ్లు రావాలి. వాళ్లలో కుర్ర ఆఫీసరు బల్ల మీది మందుల డబ్బా చూపించాడు. ఏ రోజు మాత్రలు ఆ రోజు అరలో వేసుకునే ప్లాస్టిక్ డబ్బా. మంగళవారం పొద్దుటి అర ఖాళీ. మంగళవారం రాత్రి అరలో మాత్రలు అలాగే ఉన్నాయి. “మంగళవారం మధ్యాహ్నమై ఉంటుంది” అన్నాడు. నేను వాడితో పోట్లాటకు దిగాను. తప్పు రాస్తున్నావు, బుధవారం ఆవిడ లేచారు, ఇవాళ కూడా లేచారు, నా కళ్లతో చూశాను అని గొంతు పెంచాను. ఆవిణ్ని చూశారా అని అడిగాడు. ఆవిడ కిటికీ బ్లైండ్, అదే పైకి చుట్టే తెర, లేచి ఉండటం చూశాను అన్నాను. మా ఆయన వచ్చి నా భుజం పట్టుకున్నారు.

“ఊకో. ఆయన పని ఆయన్ని చేస్కోనీ.”

“నేను సూసిన్నయ్యా! పైకే ఉండె!”

“పైకే ఉండె. ఇప్పుడు గూడ పైకే ఉంది, సూడు.”

చూశాను. వంటింటి కిటికీ మీద ఆంటీ చేత్తో కుట్టిన ఆ గళ్ల బ్లైండ్ పైకి చుట్టి ఉంది. మంగళవారం పొద్దున ఆవిడ లేపారు. మళ్లీ దించడానికి ఆవిడ లేరు. అది అలా పైనే ఉండిపోయింది. నేల మీద కూలబడ్డాను. ఆ కుర్ర ఆఫీసరు గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు, పాపం.

ఈ బ్లైండ్ చూసుకునే ఒప్పందం మా మధ్య ఎలా పుట్టిందో చెప్పాలి. నాలుగేళ్ల కింద ఆంటీ బట్టలుతికే గదిలో జారిపడి ఒక పూటంతా అక్కడే ఉండిపోయారు. కూతురు పెర్త్ నుంచి మెళ్లో వేసుకునే మీట పంపింది. నొక్కితే సాయం వస్తుంది. ఆంటీ దాన్ని రెండు రోజులు వేసుకుని, ఇది ఆవు మెడలో గంట, నేను ఆవును కాను అని సొరుగులో పడేశారు. అప్పుడు నేనే ఉపాయం చెప్పాను. మా వంటింటి కిటికీ, వాళ్ల వంటింటి కిటికీ ఎదురెదురుగా ఉంటాయి. రోజూ పొద్దున ఏడింటికల్లా మీరు బ్లైండ్ పైకి లేపండి, టీ పెట్టుకుంటూ నేను చూస్తాను, లేవకపోతే తాళం తీసుకుని వచ్చేస్తాను అన్నాను. “ఎన్నాళ్లు?” అని అడిగారు ఆంటీ. “మీరే చెప్పండి” అన్నాను. “నా స్తావె” అన్నారు తన పోలిష్‌లో, ఇక గడువంటూ లేకుండా అని.

పైకి లేపడం గురించే మాట్లాడుకున్నాం. దించడం గురించి ఇద్దరికీ తట్టలేదు. సాయంత్రాలు నేను అటువైపు చూసేదాన్నే కాదు. నేను పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. ఎక్కడ తప్పు జరగొచ్చో ముందే వెతికి పట్టుకోవడానికే నాకు జీతమిస్తున్నారు. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదని ఇవాళ్టికీ గోడకేసి తల కొట్టుకోవాలనిపిస్తుంది. మనిషి ఉంటే బ్లైండ్ లేస్తుంది, సరే. బ్లైండ్ లేచి ఉంటే మనిషి ఉన్నట్టేనా?

బుధవారం పొద్దున నాకు టీ పొంగింది. స్టవ్ తుడుస్తూ, “ఆంటీ బ్లైండ్ సూడు బిడ్డా” అని మా అమ్మాయిని అడిగాను. తనకు పద్నాలుగేళ్లు, తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెబుతుంది. “ఇట్స్ అప్, మమ్. చిల్” అంది. నేనూ తలెత్తి చూశాను. నిజమే, పైనే ఉంది. ఇప్పుడు ఆ పిల్ల నాకు కనబడకుండా ఏడుస్తోంది. తన తప్పేమీ లేదని చెప్పాను. ఎన్నిసార్లు చెప్పినా వినడం లేదు.

ఆ పోలిష్ మాట ఆవిడ నోట మొదటిసారి విన్నది ఆరేళ్ల కింద, మేం క్వేకర్స్ హిల్‌లో ఈ అద్దె ఇంట్లో దిగిన రోజున. ట్రక్కులోంచి అట్టపెట్టెలు దించుకుంటుంటే ఫెన్స్ మీదుగా ఒక తెల్లజుట్టు తల కనిపించి, “పర్మనెంటా?” అని అడిగింది. టెంపరరీ వీసా మీద బతికేవాళ్లకు ఆ మాట చెవిన పడితే ఇంకేం తడుతుంది చెప్పండి. లేదాంటీ, ఇంకా టెంపరరీయే, కంపెనీ స్పాన్సర్ చేసింది, వచ్చే ఏడాది ఫైల్ పెడతాం, మా ఆయన ఇంగ్లీష్ పరీక్ష మళ్లీ రాయాలి అంటూ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాను. ఆవిడ అంతా విన్నారు. “నేను ఇమిగ్రేషన్ దాన్ని కాదు. ఈ ఇంట్లో ఉంటారా, మూణ్ణెల్లకే పోతారా అని అడిగాను. పోయేవాళ్ల పేర్లు నేర్చుకోను, నా తలలో ఇంక చోటు లేదు” అన్నారు. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే, కాకపోతే ప్రతి మాటనీ బల్ల మీద పెట్టినట్టు విడివిడిగా పలికేవారు. నేను తెలుగులో రాస్తున్నాను గానీ ఆ బరువు తేలేను.

అడగాల్సిన మాట ఇంగ్లీషులో సరిగ్గా లేదని ఆవిడ ఫిర్యాదు. పోలిష్‌లో ‘నా స్తావె’ అంటారట. ఎక్కడికో వెళ్లి అక్కడే స్థిరపడితే నా స్తావె వెళ్లినట్టు. ఈ నెలా ఆ నెలా అనకుండా ఉద్యోగం దొరికితే నా స్తావె దొరికినట్టు. మందుల డబ్బాలో మాత్రలు సర్దుకుంటూ కూడా అనేవారు, ఈ తెల్లది నా స్తావె, ఈ పచ్చది మాత్రం ‘నా త్రొహె’, అంటే కొన్నాళ్లకే అని. రక్తపోటు మాత్రకు అంత గౌరవంగా పేరు పెట్టినవాళ్లను నేనెక్కడా చూడలేదు.

ఆ మాట నాకు నిజంగా అర్థమైంది ఒక శుక్రవారం. అద్దె ఇల్లు కాబట్టి గోడలకు మేకులు కొట్టకూడదు. దేవుడి పటాలన్నీ జిగురు హుక్కులకు తగిలించాను. ఎండాకాలం ఆ జిగురు కరిగి లక్ష్మీదేవి పటం కిందపడి అద్దం పగిలింది. అదీ శుక్రవారం పూట. నేను ఏడుపు మొహంతో గాజు పెంకులు ఎత్తుతుంటే ఆంటీ వచ్చి చూసి, వెనక్కి వెళ్లి, డ్రిల్లింగ్ మెషీన్, ఒక చెక్క అర పట్టుకుని వచ్చారు. డెబ్బయ్యేళ్ల మనిషి స్టూలెక్కి గోడకు తూట్లు పెడుతుంటే కింద నేను స్టూలు పట్టుకున్నాను.

“ఓనర్ ఊరుకోడాంటీ!”

“వాడు నిక్కర్లు వేసుకున్నప్పటి నుంచి నాకు తెలుసు. నేను చెబుతాను.”

నాలుగు మరలు బిగించి, అర మీద అరచేత్తో గట్టిగా చరిచి, “ఇప్పుడిది నా స్తావె” అన్నారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తియ్యాలి కదా, మరి నా స్తావె ఎలా అవుతుంది అని నేను వాదించాను. “తియ్యి. మరలున్నాయిగా, విప్పితే వస్తుంది. నా స్తావె అంటే ఎప్పటికీ ఊడదని కాదు. పొద్దున్నే లేచి, ఇవాళ ఉందా లేదా అని తడిమి చూసుకోనక్కర్లేదని” అన్నారు. పటాలు ఆ అర మీదే ఉన్నాయి. ఆ రోజు ఆవిడకు అన్నంలో పప్పు కలిపి పెడితే, పప్పన్నం పక్కకు నెట్టి, ఆవకాయ ముక్క అడిగి ఇంటికి పట్టుకెళ్లారు. మర్నాడు చూస్తే ఉడికిన బంగాళాదుంప మీద వెన్న, దాని మీద ఆవకాయ. అప్పటి నుంచి మా ఇంట్లో జాడీ ఖాళీ అయిందంటే సగం ఆవిడ పుణ్యమే.

ఎప్పటికీ ఊడనిదానికి పోలిష్‌లో వేరే మాట ఉంది, ‘నా జాఫ్షె’. అది నేను సొంతంగా, ఫోన్‌లో వెతికి నేర్చుకున్నాను. మాకు పీఆర్, అంటే పర్మనెంట్ రెసిడెన్సీ, వచ్చిన రోజున మనవాళ్ల కొట్లుండే హారిస్ పార్క్‌లో మైసూర్‌పాక్ కొనుక్కుని, చెప్పులతోనే ఆవిడ వంటింట్లోకి దూసుకుపోయి, “ఆంటీ, వచ్చేసింది! ఇంక మేం నా జాఫ్షె!” అని అరిచాను. ఆవిడ సంతోషిస్తారనీ, నా పోలిష్‌కు మెచ్చుకుంటారనీ ఆశ. ఆవిడ పాక్ ముక్కను పళ్లెంలో పెట్టేసి నా మణికట్టు పట్టుకున్నారు. చాలా గట్టిగా పట్టుకున్నారు.

“ఆ మాట కాదు. మీరు నా స్తావె వచ్చారు. నా స్తావె అను.”

అన్నాను. అప్పుడు కూర్చోబెట్టి చెప్పారు. ఆవిడ చంటిబిడ్డను, అంటే ఇప్పుడు పెర్త్‌లో ఉన్న కూతుర్నే, ఎత్తుకుని భర్తతో దేశం విడిచి వచ్చేటప్పుడు స్టేషన్‌కు వాళ్లమ్మ వచ్చిందట. ఎన్నాళ్లకు వస్తావు అని అడిగితే, ‘నా త్రొహె’ అని చెప్పి రైలెక్కారు. కొన్నాళ్లకే అని. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఇక్కడికొచ్చి బట్టల ఫ్యాక్టరీలో స్కూలు యూనిఫారాలు కుడుతూ, రెండేళ్ల తరవాత గానీ ఉత్తరంలో నా స్తావె అని రాయడానికి చెయ్యి రాలేదట. తల్లి జవాబు రాసింది. అక్కడ ఎండలు ఎలా ఉన్నాయి, పాపకు మాటలొచ్చాయా అని అడిగింది. ఆ మాట ఊసే లేదు. ఆ తరవాత ఒక రోజు టెలిగ్రామ్ వచ్చింది. అందులో అమ్మ నా జాఫ్షె వెళ్లిపోయింది అని ఉంది. “ఆ మాటను నాకు అలా పంపించారు. నా వంటింట్లోకి దాన్ని తీసుకురాకు, కొహానా” అన్నారు. కొహానా అంటే బంగారుతల్లీ అన్నట్టు. అలా పిలిచింది ఆ ఒక్కసారే. తరవాత మైసూర్‌పాక్ తిని, నెయ్యి తక్కువైందని వంక పెట్టారు.

ఒప్పందం కుదిరిన కొత్తల్లో ఒక పొద్దున ఏడుంపావు అయినా బ్లైండ్ లేవలేదు. అసలు బ్లైండే కనబడలేదు, కిటికీకి ఏదో తువ్వాలు వేలాడుతోంది. నేను నైటీ మీద, చేతిలో దోసెల అట్లకాడతో, రోడ్డు మీద కుక్కను తిప్పుకునే పెద్దాయన చూస్తుండగా పరుగెత్తి తాళం తీశాను. ఆంటీ బాత్‌టబ్ దగ్గర ముక్కాలిపీట వేసుకుని బ్లైండ్ ఉతుకుతున్నారు. నన్ను, అట్లకాడను మార్చి మార్చి చూసి, “దొంగ అనుకుని దోసె తిరగేద్దామని వచ్చావా?” అన్నారు. నాకు కోపం, నవ్వు రెండూ ఒకేసారి. ఉతకాలంటే ముందు రోజు చెప్పాలి కదా అని కేకలేశాను. ఆవిడ తప్పయిందన్నారు. నాలుగేళ్లలో ఆ ఒక్క రోజే తప్పింది. అలవాటైపోయిందంటే ఎంత ప్రమాదమో చూడండి, ఆ తరవాత నేను కిటికీ వైపు చూసేదాన్ని గానీ ఆవిడ వైపు చూసేదాన్ని కాదు. ఇదివరకు వారానికి రెండు మూడుసార్లు వెళ్లేదాన్ని. తరవాత ఆదివారం ఆదివారం. ఈ మధ్య అదీ లేదు. బ్లైండ్ లేచింది కదా, ఇంకేం.

కూతురు శుక్రవారం వచ్చింది. నాకంటే పదేళ్లు పెద్దావిడ, వాళ్లమ్మలాగే విడివిడిగా మాట్లాడుతుంది. ఆ ఇంట్లో ఒంటరిగా పడుకోవద్దని నేనే పట్టుబట్టి మా ఇంట్లో ఉంచుకున్నాను. ఆరు రోజులుంది. చారు అన్నం తింది, మా అమ్మాయికి జడ వేసింది. బ్రెయిన్ స్ట్రోక్ ఒక్కసారిగా వచ్చింది, క్షణాల్లో అయిపోయి ఉంటుంది, ఎవరున్నా చేసేదేమీ లేదు అని డాక్టరు చెప్పాడంది. నన్ను ఓదార్చడానికే చెప్పింది. నేను రెండు రోజులు పొద్దున బ్లైండ్ చూసి తృప్తిగా ఆఫీసుకు పోయానని ఆవిడకు చెప్పలేదు. ఫోన్‌లో ‘పొద్దున బాగానే ఉన్నారే’ అన్న మాట ఆవిడ మరిచిపోయిందో, మరిచిపోయినట్టు ఉందో. అన్నం వడ్డిస్తున్నప్పుడల్లా చెప్పేద్దామనిపించేది. గరిటె తిప్పుతూ, చారు ఇంకొంచెం వేసుకోండి అనేదాన్ని.

అంత్యక్రియలు పోలిష్ చర్చిలో జరిగాయి. పాటలు, ప్రార్థన ఒక్క ముక్క అర్థం కాలేదు. శవపేటిక మీద పెద్ద పూలచక్రం పెట్టారు, దాని మీద తెల్ల రిబ్బను, రిబ్బను మీద అక్షరాలు. అందులో రెండు మాటలు మాత్రం నేను చదవగలిగాను. నా జాఫ్షె. వాళ్ల ఆచారం అది, మా గుండెల్లో ఎప్పటికీ అని రాస్తారట. నాకు మాత్రం లేచి ఆ రిబ్బను పీకి పారెయ్యాలనిపించింది. ఆవిడ ఇంట్లోకి రానివ్వని మాటను ఆవిడ మీదే పరిచారే అని నోట్లో చీరకొంగు కుక్కుకున్నాను.

కూతురు తిరిగి వెళ్లే రోజు పదింటికి విమానం. నేనే ఎయిర్‌పోర్టుకు దింపుతానన్నాను. దారిలో ఒక్కసారి ఇంట్లోకి వెళ్లి కరెంటు స్విచ్చులు, కిటికీలు చూసుకుని తాళం వేద్దామంది. ఆరున్నర దాటాక ఇద్దరం వెళ్లాం. వంటింట్లో గ్యాసు కట్టేసింది, ఫ్రిజ్ తలుపు తెరిచి పెట్టింది. చివరికి కిటికీ దగ్గరికి వెళ్లి బ్లైండ్ తాడు పట్టుకుంది, దించడానికి.

“ఆగండి” అన్నాను.

అక్కడ చెప్పేశాను. ఒప్పందం గురించి ఆవిడకు తెలుసు. బుధవారం చూశానని, గురువారం చూశానని, పైనే ఉంది కదా అనుకున్నానని, రెండు రోజులు మీ అమ్మ ఆ కుర్చీలో ఉంటే నేను ఇక్కడే ఇరవై అడుగుల దూరంలో టీ తాగానని చెప్పాను. పోలీసుతో పోట్లాడానని కూడా చెప్పాను. ఆవిడ తాడు వదల్లేదు, నా వైపు తిరగలేదు. ఒక మాట అంటే బాగుండు, తిట్టినా బాగుండు అనుకుంటూ నిలబడ్డాను.

అప్పుడు పడగ్గదిలో ఏదో గట్టిగా మోగడం మొదలైంది. నేను ఉలిక్కిపడ్డాను. నిప్పంటుకుంటే మోగేదేమో అనుకున్నాను. ఇద్దరం పరుగున వెళ్లాం. మంచం పక్కన కరెంటు గడియారం, ఎర్ర అంకెలు. ఆరూ నలభై అయిదు.

కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. “ఇది నీ కోసమే” అంది.

నాకు అర్థం కాలేదు.

“అమ్మ జన్మలో పొద్దున్నే లేచిన మనిషి కాదు. ఫ్యాక్టరీ రోజుల్లో నాన్న మొహాన నీళ్లు చల్లి లేపేవాడు. రిటైరయ్యాక పదింటికి ముందు ఫోన్ చేస్తే నన్ను తిట్టేది. నీకోసం ఈ అలారం పెట్టుకుంది. లేచి, బ్లైండ్ లేపి, మళ్లీ వచ్చి పడుకునేది. ఎందుకమ్మా, ఏడింటికి కాక పదింటికి అని చెప్పరాదా అన్నాను. అప్పటిదాకా లేపకపోతే ఆ పిల్ల ట్రైన్ పోతుంది అంది.”

అలారం మోగుతూనే ఉంది. మంచం మీద దుప్పటి ఒక పక్కకు తీసి ఉంది, మళ్లీ వచ్చి పడుకోవడానికి వీలుగా.

“ఆదివారాలు కూడానా?” అని అడిగాను.

“రోజూ. నువ్వు ఏ రోజు చూస్తావో తనకేం తెలుసు?”

ఆదివారాలు నేను తొమ్మిదింటికి లేస్తాను. శనివారాలూ అంతే. ఆ రోజుల్లో నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఏడింటికి ఆ కిటికీ వైపు చూడలేదు. అలారం ఆపడానికి కూతురు చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది. నేనూ ముందుకు వెళ్లలేకపోయాను. గుమ్మంలో ఇద్దరం అలాగే నిలబడ్డాం, అది మోగుతూనే ఉంది.